గణకవిద్యకై విదేశయాత్ర – వ్యయభారము వహించినవారెవరు?

మన సంఘ వార్షిక మహాసభ సందర్భమున వెలువడు ఈ సంచికకు విదేశవిద్యను గూర్చి చరిత్రవ్యాసమొకటి వ్రాసి పంపుడని కార్యదర్శిగారు కోరిరి. పూర్వము కాశికి పోయి వచ్చినవారిని మన పెద్దలు ఊరి పొలిమేరలో మేళతాళములతో నెదుర్కొనుచుండిరి. నేడు ఆగస్టు మాసమున శంషాబాదు విమానాశ్రయమునకు పోయి, పిల్లలను సాగనంపవచ్చిన బంధుసమూహమును చూచినచో, ఆ సంప్రదాయము దిక్కును మాత్రమే మార్చుకొనెనని తోచును. కంప్యూటరు శాస్త్రమున ఎం. ఎస్. పట్టముకొరకు సముద్రములు దాటిన బిడ్డ లేని యిల్లు మన బంధువర్గమున అరుదైపోయినది. ఇట్టి యాత్రల చరిత్ర వ్రాయువారు పోయినవారి పేరులను, వారు పొందిన పదవులను వ్రాయుదురు. పంపినవారి పేరులు వ్రాయరు. కావున మేము ఈ వ్యాసమున నొక్క ప్రశ్ననే పట్టుకొని పోదలచితిమి. ఆ చదువునకు వెల యెవరు చెల్లించిరి?

సముద్రయానము పాతకములలో నొకటియని బౌధాయన ధర్మసూత్రము పేర్కొనుచున్నది. ఆ సూత్రకారుడే ఉత్తరదేశీయుల విశేషాచారములను చెప్పుచు సముద్రగమనమును అందు చేర్చెను. అనగా నిషేధము పుట్టిన నాడే దానిని దాటువారును ఉండిరన్నమాట. తరువాతి నిబంధనకారులు ద్విజుల నౌకాయానమును కలివర్జ్యములలో చేర్చి కట్టు బిగించిరి. అయినను వర్తకులు ఓడలు నడపుట మానలేదు. మన కోరంగి రేవునుండి రంగూనునకు రాకపోకలు సాగుచునే యుండెను. చిక్కంతయు చదువుకొరకు పోవువారికే వచ్చెను. 1888లో గాంధిగారు న్యాయవాదవిద్యకై ఇంగ్లండు పోదలచినప్పుడు బొంబాయిలో వారి కులపెద్దలు సభ కూడి ఆయనను వెలివేసిరి. సాయము చేసినవారికిని, రేవువరకు పోయి సాగనంపినవారికిని రూపాయి నాలుగణాల జరిమానా విధించిరి. 1914 మార్చి 17వ తేదీన శ్రీనివాస రామానుజన్ చెన్నపట్టణమున ఓడ యెక్కుటకు ముందు తల్లి సమ్మతికై ఎంతకాలము వేచియుండెనో లోకవిదితము.

అయినను, శాస్త్రము తెచ్చిన అడ్డంకికంటె ధనము తెచ్చిన అడ్డంకియే పెద్దదని మా యభిప్రాయము. శాస్త్రమునకు ప్రాయశ్చిత్తము కలదు. ఓడ కిరాయికి ప్రాయశ్చిత్తము లేదు. రామానుజన్ కదలగలిగినది మద్రాసు విశ్వవిద్యాలయము ఏటికి 250 పౌనుల వేతనము మంజూరు చేయుటచేతనే. 1895లో పదునారేండ్ల సరోజిని హైదరాబాదునుండి ఇంగ్లండు పోయినది నిజామువారి విద్యార్థివేతనముతో. 1913లో అంబేడ్కరుగారు న్యూయార్కు నగరపు కొలంబియా విశ్వవిద్యాలయమును చేరినది బరోడా గాయక్వాడు మహారాజు ధనముతో. తిరిగివచ్చి సంస్థానమున కొలువు చేయవలెనను కరారుతో.

మన సీమకు వచ్చినచో, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి గాథ కలదు. రంగూను వర్తకమున ఆర్జించిన మల్లాడి సత్యలింగ నాయకరుగారు కాకినాడలో నెలకొల్పిన ధర్మసంస్థ వాగ్దానము చేసిన సాయము కొంత, మామగారు కూడబెట్టి యిచ్చినది కొంత కలిపి, 1920వ దశకపు ఆరంభమున ఆయన బోస్టను నగరము చేరి హార్వర్డులో చదివెను. ఒక కులమున పుట్టిన వర్తకుని ధనము మరియొక కులమున పుట్టిన విద్యార్థికి ఓడ యెక్కుటకు తోడ్పడిన ముచ్చట ఇది. కులసంఘపు సంచికలో దీనిని చెప్పుట ఉచితమని తలచితిమి. మామగారి మాటయు చదువరులు మనస్సున నుంచుకొనవలెను. దానితో పిదప పనియున్నది. సుబ్బారావుగారు 1948లో అచ్చటనే మరణించిరి. మరల స్వదేశమునకు రాలేదు. భార్య ఇచ్చటనే యుండిపోయెను.

ఇక ప్రస్తుత విద్యకు వత్తము. గణకశాస్త్రము వయస్సున చిన్నది. ఇంగ్లండున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము 1953లో సంఖ్యావిశ్లేషణము, స్వయంచాలక గణనము అను విషయములందు ఒక ఏటి డిప్లొమా నారంభించెను. ఈ విద్యకు తరగతి పెట్టి బోధించుట అదియే మొదలు. అమెరికాలో ప్రత్యేక శాఖ తొలుత ఏర్పడినది 1962లో పర్డ్యూ విశ్వవిద్యాలయమున. స్టాన్‌ఫర్డు, కార్నెగీ విద్యాలయములందు 1965లో ఏర్పడెను. మన దేశమున కలకత్తాలోని గణాంకశాస్త్ర సంస్థకు 1950వ దశకపు నడుమ ఒక యంత్రము సీమనుండి వచ్చెను. బొంబాయి టాటా పరిశోధనసంస్థవారు టిఫ్రాక్ అను యంత్రమును తామే నిర్మించి 1960లో నడిపించిరి. 1963లో కాన్పూరు ఐ. ఐ. టి.కి ఐ. బి. ఎం. 1620 యంత్రము చేరి, అచ్చట బోధన ఆరంభమయ్యెను. అట్టి కాలమున ఈ విద్యలో పైపట్టము కోరువానికి ద్వీపాంతరగమనము తప్ప మార్గము లేకుండెను.

ఆ తొలితరమువారిలో మన తెలుగువాడొకడు అగ్రగణ్యుడు. చిత్తూరు మండలమందలి కాటూరను పల్లెలో 1937లో రైతుకుటుంబమున జన్మించిన దబ్బల రాజగోపాల రెడ్డిగారు – లోకమునకు రాజ్ రెడ్డి – ఆ యింటినుండి కళాశాలకు పోయిన మొదటివారు. 1958లో చెన్నపట్టణపు గిండీ కళాశాలలో సివిలు ఇంజనీరింగు ముగించిరి. వంతెనలు, కాలువలు కట్టవలసిన చదువది. తరువాత ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు న్యూ సౌత్ వేల్సు విశ్వవిద్యాలయమున 1960లో ఎం. టెక్. పట్టము పొందిరి. ఆ విద్యాలయమున యూటెకాం అను గణకయంత్రము 1956 నుండియే కలదు. పిదప ఆ దేశముననే ఐ. బి. ఎం. కంపెనీలో మూడేండ్లు ఉద్యోగము చేసి, 1963లో స్టాన్‌ఫర్డు చేరిరి. కృత్రిమమేధ యను పేరును లోకమునకిచ్చిన జాన్ మెకార్తీగారు ఆయన గురువు. 1966లో డాక్టరు పట్టము వచ్చెను. వ్యాసవిషయము మనుష్యుని పలుకును యంత్రము గుర్తించుట. గాలిలో పుట్టిన ధ్వనితరంగమును ముక్కలుగా విడదీసి, ఇది అచ్చు, ఇది హల్లు అని నిర్ణయించు పని. శిక్షాగ్రంథములందు స్థానకరణప్రయత్నములను వల్లించిన మా వంటివారికి ఈ విషయము వినినంతనే తనదైనట్లు తోచుట సహజము. 1969లో ఆయన కార్నెగీ మెలన్ విద్యాలయమును చేరిరి. 1979లో అచ్చటి రోబోటిక్సు సంస్థకు తొలి అధ్యక్షులైరి. 1994లో ఎడ్వర్డు ఫైగెన్‌బాముగారితో కలిసి ట్యూరింగు పురస్కారము నందుకొనిరి. గణకశాస్త్రమున నోబెలు వంటిదని చెప్పబడు ఆ గౌరవము ఆసియాఖండమున పుట్టినవానికి దక్కుట అదియే ప్రథమము.

ఇచ్చట ఒక మాట. సంస్కృతము చదివిన మమ్ములను చూచి మిత్రులు, "పాణిని కంప్యూటరుకు పితామహుడట కదా, మీరేమందురు?" అని యడుగుచుందురు. 1967లో ఇంగర్‌మన్ అను నాతడు గణకభాషల వ్యాకరణమును వ్రాయు పద్ధతికి పాణిని పేరును జోడింపవలెనని ప్రతిపాదించిన మాట నిజము. 1985లో రిక్ బ్రిగ్సు అను నాతడు వైయాకరణుల వాక్యవిశ్లేషణమును కృత్రిమమేధతో పోల్చి వ్యాసము వ్రాసెను. అంతియే. అమెరికా అంతరిక్షసంస్థ సంస్కృతమే గణకయంత్రమునకు తగిన భాషయని తీర్మానించెనను ప్రచారము ఆ వ్యాసమునుండి మొలచిన తీగ. అష్టాధ్యాయి గొప్పతనమునకు ఈ అరువు సొమ్ము అక్కరలేదు. కాటూరు బాలునకు దారి చూపినది పాణిని కాడు. గిండీలో చదువు, సిడ్నీలో యంత్రము, కాలిఫోర్నియాలో గురువు.

ఈ తరమువారికి వెల చెల్లించినదెవరు? ముఖ్యముగా, చేర్చుకొన్న విశ్వవిద్యాలయమే. శాస్త్రము కొత్తది, చదివినవారు కొలదిమంది, బోధనకును పరిశోధనకును చేతులు కావలెను. అందుచే అసిస్టెంటుషిప్పు అను ఏర్పాటు విరివిగా దొరకుచుండెను. విద్యార్థి వారమునకు 20 గంటలు ఆచార్యునికి తరగతియందో ప్రయోగశాలయందో తోడుపడును. విద్యాలయము అతని రుసుమును మాఫీ చేసి నెలకింతయని భరణమిచ్చును. గురుకులమున సమిధలు తెచ్చిన శిష్యునికి అన్నము పెట్టుటవంటిదే యిది. మన ప్రభుత్వమువద్ద విదేశీద్రవ్యము కొరత యగుటచే, ఎనిమిది డాలర్లు జేబులో పెట్టుకొని దిగితిమని ఆ కాలమువారు నేటికిని చెప్పుచుందురు. ఎనిమిది డాలర్లతో దిగుట సాహసమే; కాని దిగిన మరునాడు భోజనము పెట్టు ఏర్పాటు ముందే కుదిరియుండెను. ఈ రెండవ సగమును మన పిల్లలకు కథ చెప్పువారు విడిచిపెట్టుచున్నారు.

అచ్చట నిలుచుటకు ద్వారము తెరచినది 1965వ సంవత్సరపు శాసనము. అంతకుముందు 1946 నాటి చట్టము ప్రకారము భారతీయులకు ఏటికి నూరుమందికి మాత్రమే స్థిరనివాసము దొరకుచుండెను. 1965 తరువాత ఆ నూరుమంది కట్టు తొలగి, విద్యావంతులకు చోటు విశాలమయ్యెను. ఇచ్చట హైదరాబాదున 1967లో ఇ. సి. ఐ. ఎల్. సంస్థ వెలసి గణకయంత్రములను నిర్మింపసాగినను, ప్రవాహము పడమరకే సాగెను. 1988లో మణిపాలులో చదువు ముగించిన హైదరాబాదు యువకుడు సత్య నాదెళ్ల మిల్వాకీ నగరపు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున చేరి 1990లో గణకశాస్త్రమున ఎం. ఎస్. పొందెను. 2014లో మైక్రోసాఫ్టు సంస్థకు ముఖ్యాధికారి యయ్యెను. ఆయన 1994లో తన స్థిరనివాసపత్రమును, దానినే గ్రీన్‌కార్డందురు, తానే తిరిగి యిచ్చివేసి తాత్కాలికమైన హెచ్-1బి వీసాకు మారెను. స్థిరనివాసికి భార్యను తెచ్చుకొనుటకు ఏండ్లు పట్టును. తాత్కాలికునికి వెంటనే వీలగును. శాసనములు సంసారములను ఎట్లు నడుపునో తెలుపు ఉదాహరణమిది. మన యిండ్లలో పిల్లనిచ్చువారు వరుని జీతము అడుగుదురు గాని, వీసా తరగతి యడుగువారు మొన్న మొన్నటివరకు లేకుండిరి.

అటుపిమ్మట వ్యవహారము మారెను. మార్పు ఒక్కనాడు రాలేదు. నాలుగైదు కాలువలు కలిసి యేరైనట్లు వచ్చెను. 1990 నాటి అమెరికా శాసనము హెచ్-1బి వీసాను నేటి రూపమున స్థాపించెను. శతాబ్దాంతమున కంప్యూటర్లలో తేదీల చిక్కు తీర్చుటకు వేలకొలది పనివాండ్రు కావలసివచ్చిరి. మన ఆంధ్రదేశమున ఇంజనీరింగు కళాశాలలు వందలకొలది లేచెను. 2001లో బ్యాంకుల సంఘము మాదిరి విద్యాఋణపథకమును ప్రకటించి విదేశవిద్యకు 15 లక్షల రూపాయలవరకు ఋణము సూచించెను. 2004లో రిజర్వు బ్యాంకు విదేశములకు ధనము పంపుటను సులభము చేసెను. ఆ సంవత్సరపు అమెరికా శాసనమే, సాధారణ వీసాలు 65,000 గాక, ఆ దేశమున పైపట్టము పొందినవారికి మరి 20,000 ప్రత్యేకించెను. చదువు ముగిసిన పిదప ఒక ఏడాది పనిచేసికొనుటకు గల అనుమతిని శాస్త్రవిద్యలవారికి 2008లో 17 మాసములు, 2016లో 24 మాసములు పొడిగించిరి. అనగా ఎం. ఎస్. పట్టము విద్యగా నుండి, కొంతవరకు ఉద్యోగమునకు ప్రవేశరుసుముగా మారెను. విశ్వవిద్యాలయములు దీనిని గ్రహించకపోవునా? అసిస్టెంటుషిప్పులను చాలవరకు డాక్టరు పట్టపు విద్యార్థులకు ఉంచుకొని, ఎం. ఎస్. విద్యార్థులనుండి పూర్తి రుసుము తీసికొనసాగెను. పూర్వము విద్యాలయము విద్యార్థిని పోషించెను. నేడు ఇట్టి విద్యార్థులే పెక్కు విద్యాలయములను పోషించుచున్నారు.

కావున వెల యిప్పుడు తండ్రి పొలముమీద పడెను. లెక్క చూతము. రెండేండ్ల చదువునకు, తిండికి, వసతికి కలిపి 40,000 డాలర్లనుకొందము. ఇంతకంటె ఎక్కువయగు చోట్లే మెండు. డాలరుకు 85 రూపాయల చొప్పున 34 లక్షలు. నూటికి పది వడ్డీయనుకొన్నను ఏటికి 3,40,000 రూపాయలు వడ్డీకే పోవును. 1966 నాటి మూల్యహ్రాసము తరువాత డాలరు విలువ ఏడున్నర రూపాయలు. 2024లో 85 దాటెను. ఉద్యోగము దొరకినవానికి ఈ వ్యత్యాసమే వరమై, మూడు నాలుగేండ్లలో ఋణము తీరును. అట్లు తీర్చి, చెల్లెండ్రను చదివించి, ఊరిలో బడి గదులు కట్టించినవారు మన సభ్యులలోనే కలరు. వారిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. కాని ఉద్యోగము దొరకనివానికి అదే వ్యత్యాసము శాపము. రూపాయలలో జీతము తెచ్చుకొని, డాలర్లకై చేసిన ఋణమును తీర్చవలెను.

ఈ ఒత్తిడిలో కొందరు చేరరాని చోట చేరిరి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయమును అధికారులు మూసివేసిరి. తరగతులకు రాకున్నను వీసాపత్రములిచ్చిన చోటు అది. అందు చేరిన 1,500 మందికి పైబడిన విద్యార్థులలో అత్యధికులు ఆంధ్రదేశమువారు. కొందరి చీలమండలకు జాడ తెలుపు పట్టీలు కట్టిరి. అది ఇచ్చటి పత్రికలలో చూచి తల్లులు కన్నీరు పెట్టిరి. 2019 జనవరిలో మిషిగను రాష్ట్రమున ఫార్మింగ్‌టను విశ్వవిద్యాలయమను మరియొక చోటు బయటపడెను. ఆ విద్యాలయము అసలే లేదు. వీసా మోసగాండ్రను పట్టుకొనుటకు అమెరికా ప్రభుత్వమే వేసిన వల. 129 మంది భారతీయ విద్యార్థులు నిర్బంధింపబడిరి. విద్యార్థులను చేర్చినందులకు అభియోగమెదుర్కొన్న దళారులును తెలుగువారే. మోసగింపబడినవారు మనవారు, మోసగించినవారును మనవారే యగుట మాకు ఆ వలకంటె ఎక్కువ బాధ కలిగించెను.

అయినను ప్రవాహము తగ్గలేదు. 2023–24 విద్యాసంవత్సరమున అమెరికాలో చదువుచున్న భారతీయులు 3,31,602 మంది. వారిలో 1,96,567 మంది పైపట్టముల విద్యార్థులు. ఆ యేడు చీనాదేశమును మించి మనమే మొదటి స్థానమునకు వచ్చితిమి. 2010 మొదలు 2017 వరకు ఆ దేశమున తెలుగు మాటాడువారి సంఖ్య నూటికి 86 వంతులు పెరిగెనని గణాంకములు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి అర్జీలకు లక్ష డాలర్ల రుసుము విధించు ప్రకటన వెలువడగా ఎన్ని యిండ్లలో ఆ రాత్రి నిద్ర లేదో సంఘసభ్యులకు మేము చెప్పనక్కరలేదు.

ఇక మామగారి మాట. సుబ్బారావుగారి మామగారు అల్లునికి సాయపడినది ప్రీతిచేత. నేడు బ్యాంకు ఋణము తీర్చుటకు వధువు తండ్రినుండి సొమ్ము తీసికొనుట మన బంధువర్గమున బాహాటముగా సాగుచున్నది. "అబ్బాయి అమెరికాలో ఎం. ఎస్." అను నాలుగు మాటలకు ఎకరములలో వెల కట్టుచున్నారు. మా బడిలో లెక్కలలో అబ్బాయిలను మించిన అమ్మాయిలను మేము ముప్పది యేండ్లుగా ఎరుగుదుము. అట్టి పిల్ల పై చదువునకు దాచిన ధనము, ఆమె చదువునకు గాక, చదివివచ్చిన వేరొక యింటి పిల్లవాని బాకీకి పోవుట మేము పలుమారులు చూచితిమి. ఈ పద్దు ఏ బ్యాంకు పుస్తకమునను కనబడదు. వెల చెల్లించినవారెవరను మా ప్రశ్నకు నిక్కమైన యుత్తరములలో ఇదియు నొకటి.

దాతలు వేరొక పూర్వోదాహరణమును చూడగోరెదము. 1892లో జంషెడ్జీ టాటాగారు విదేశవిద్యకై నిధి నెలకొల్పి దానమీయలేదు, ఋణమిచ్చిరి. ఉద్యోగము వచ్చిన పిదప విద్యార్థి తీర్చవలెను. ఆ సొమ్ముతో మరియొకడు పోవును. తొలుత సాయము పొందినవారిలో ఫ్రేనీ కామా అను వైద్యురాలు కలదు. 1945లో కె. ఆర్. నారాయణన్ ఆ నిధితోనే లండను పోయెను. తరువాత రాష్ట్రపతి యయ్యెను. ఆ నిధి నేటికిని నడచుచున్నది.

మన సంఘ విద్యానిధి ఇంతవరకు విమానపు టిక్కెట్టుకు చందా యిచ్చి, శాలువ కప్పి, ఛాయాచిత్రము తీయించుటతో సరిపెట్టుకొనుచున్నది. ఈ మహాసభయందు చర్చకు రానున్న తీర్మానమునకు మేము మూడు సవరణలు వ్రాసి యిచ్చితిమి. నిధినుండి ఇచ్చునది ఋణముగా నుండవలెను. పత్రము తండ్రి పేర గాక విద్యార్థి పేర వ్రాయవలెను. చేరు విద్యాలయమునకు గుర్తింపు కలదో లేదో, తరగతులు జరుగునో లేదో, అచ్చట చదివిన మన పిల్లలనే యడిగి తెలిసికొని, వారి సంతకముతో నివేదిక తెప్పించిన పిమ్మటనే సొమ్ము విడుదల కావలెను. ఏటేటి మొత్తములో సగము బాలికలకు ప్రత్యేకింపవలెను. ఋణము తీరకముందు వివాహమైనచో బాకీ ఆమె పేరనే నిలువవలెను గాని అత్తవారి పద్దునకు గాని, పుట్టింటి పద్దునకు గాని మారరాదు. ముసాయిదా ప్రతులు కార్యాలయమున కోశాధికారిగారి యొద్ద ఉన్నవి.